సంగీతం నేర్పడమే ధ్యేయంగా సామాజిక ఆర్కెస్ట్రా: ముందు కచేరీలా, ముందు పాఠాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం.

మేము పధ్నాలుగు మందిమి కొంతకాలంగా వారానికొక సాయంత్రం కలిసి వాయించుకుంటున్నాము. మాలో ఎవరికీ సంగీతం జీవనోపాధి కాదు. చిన్నతనంలో నేర్చుకుని, చదువుల్లోనూ ఉద్యోగాల్లోనూ పడి వదిలేసి, మళ్లీ వాద్యాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్లమే ఎక్కువ. ఐదు వయొలిన్లు, రెండు చెల్లోలు, మూడు ఫ్లూట్లు, రెండు క్లారినెట్లు, ఒక ట్రంపెట్, ఒక కీబోర్డు ఉన్నాయి. వయోలా, డబుల్ బేస్, ఓబో, బాసూన్ వాయించేవారు ఒక్కరూ లేరు. ఈ బృందాన్ని ఒక పేరూ నియమావళీ ఉన్న సామాజిక ఆర్కెస్ట్రాగా నిలబెట్టాలనీ, వాద్యం కొనుక్కునే స్తోమత లేని పిల్లలకు సంగీతం నేర్పడమే దాని ప్రధాన ధ్యేయంగా ఉండాలనీ అందరమూ ఒక మాట మీదకు వచ్చాము.

మాట కలవనిది ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గరే. కొందరు, ముందు రెండేళ్లు గట్టిగా సాధన చేసి నాలుగు మంచి కచేరీలు ఇస్తే మన మీద నలుగురికీ నమ్మకం కుదురుతుంది, విరాళాలు వస్తాయి, అప్పుడు తరగతులు మొదలుపెట్టవచ్చు అంటున్నారు. మిగిలినవారు తరగతులు ఇప్పుడే మొదలుకావాలంటున్నారు. నా మనసు రెండో పక్షానికే మొగ్గుతున్నది కానీ, ఎందుకని అడిగితే గట్టి కారణం చెప్పలేకపోతున్నాను. నాకున్నదల్లా ఒక్క సంఘటన.

కిందటి నెలలో మాలో ఒకరు తమ పదేళ్ల అమ్మాయిని రిహార్సల్‌కు తీసుకువచ్చారు. ఆ అమ్మాయి వయొలిన్ పట్టి మూడు నెలలే అయింది. చివరి వరుసలో వాళ్ల అమ్మ పక్కన కూర్చుని, మేము వాయిస్తున్నంతసేపూ కమానును తీగ మీద ఆనించకుండా గాలిలోనే పట్టుకుని ఉంది. కృతి చివరి బారులో, అంటే చివరి తాళభాగంలో, అందరమూ డి స్వరం మీద నిలబడతాము. ఆ ఒక్క స్వరం దగ్గర ఆ అమ్మాయి కమానును డి తీగ మీద పెట్టి, చేత్తో పట్టుకునే చివర నుంచి కొస దాకా, మేమంతా ఆపేంతవరకూ లాగింది. ఆపిన తరువాత కమానును కిందికి దించలేదు. మళ్లీ ఎప్పుడు మొదలుపెడతారన్నట్టు మా వైపు చూస్తూ ఉండిపోయింది.

ఇటువంటి బృందాలను నడిపినవారూ, వాటిలో నేర్చుకున్నవారూ ఉంటే దయచేసి చెప్పండి. రెండింటిలో ఏది ముందు? ఇంత అసమానమైన సామర్థ్యం ఉన్నవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి ఏ సంగీతం వాయించాలి? వాద్యాలు ఎవరి పేరున, ఎవరి దగ్గర ఉండాలి?

మొదటి జవాబు

నమస్కారమండీ. నేను చాలా ఏళ్లుగా తీగవాద్యాలు నేర్పుతూ, విద్యార్థి బృందాలకు పార్టులు, అంటే ఒక్కో వాద్యం వాయించవలసిన స్వరాలు, రాస్తూ ఉన్నాను. మీరు చెప్పిన ఆ చివరి స్వరంలోనే మీకు కావలసిన కారణం ఉందని నాకు అనిపిస్తున్నది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆర్కెస్ట్రా ముందా, బడి ముందా అన్న ప్రశ్నలో ఆ రెండూ వేరువేరు అన్న ఊహ దాగి ఉంది. ధ్యేయం నేర్పడమే అయినప్పుడు అవి వేరు కానక్కరలేదు. వెనిస్ నగరంలో పియెటా అనే అనాథాశ్రమంలో స్వరకర్త వివాల్డి 1703లో వయొలిన్ ఉపాధ్యాయుడిగా చేరారు. అక్కడి ఆర్కెస్ట్రా ఆ ఆశ్రమంలో పెరిగిన ఆడపిల్లలదే. పెద్దవాళ్లు చిన్నవాళ్లకు నేర్పేవారు, అదే చోట అందరూ కలిసి వాయించేవారు, ఆ సంగీతం వినడానికి దూరదేశాల నుంచి జనం వచ్చేవారు. మన దగ్గరి ఉదాహరణే కావాలంటే, 1918 ప్రాంతంలో మైహర్‌లో అల్లాఉద్దీన్ ఖాన్ గారు అంటువ్యాధిలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లలను చేరదీసి, సంగీతం నేర్పి, వాళ్లతోనే వాద్యబృందాన్ని కూర్చారు. తుపాకీ గొట్టాలను కోసి నల్‌తరంగ్ అనే వాద్యాన్ని తయారు చేయించి మరీ ఆ బృందానికి ఇచ్చారు. ఈ రెండు చోట్లా ముందు కచేరీ బృందం ఏర్పడి, పేరు వచ్చాక, దాని పక్కన బడి పెట్టడం జరగలేదు. అలా జరిగిన చోటు లైప్‌జిగ్. అక్కడ 1743లో వర్తకులు పదహారు మంది వాద్యకారులతో కచేరీ సంఘం పెట్టారు. ఆ సంఘం నుంచి పెరిగిన ఆర్కెస్ట్రాకు స్వరకర్త మెండెల్సన్ నాయకత్వం వహిస్తున్న రోజుల్లో, 1843లో, ఆయన అక్కడ సంగీత కళాశాల స్థాపించారు. ఆర్కెస్ట్రాలోని వాద్యకారులే అందులో గురువులయ్యారు, నిజమే, కానీ మధ్యలో నూరేళ్లు గడిచాయి. ముందు కచేరీలు, తరువాత పాఠాలు అంటున్న మీ మిత్రులకు ఈ నూరేళ్ల సంగతి చెప్పండి. వాళ్ల ఉద్దేశం మంచిదే, కానీ కచేరీ ఒకటి అయ్యేసరికి ఇంకొకటి సిద్ధంగా ఉంటుంది. పాఠాలకు ఖాళీ దానంతట అది దొరకదు.

ఇక ఏ సంగీతం వాయించాలన్నదే అసలు పని. ఇప్పటికే ఉన్న కృతిని తీసుకుని పిల్లలను అందులో ఇరికించకండి. మీ దగ్గర ఉన్నవాళ్లను చూసి పార్టులు రాయండి. ఒకే కృతిలో వయొలిన్‌కు మూడు అంచెలు ఉండవచ్చు: ఒకటి యథాతథంగా, ఒకటి మొదటి స్థానంలో వేళ్లు కదిలితే చాలినంతగా, మూడోది వేలు పెట్టకుండా ఖాళీ తీగల మీద మాత్రమే. 1958లో తొలి ప్రదర్శన జరిగిన నోయిస్ ఫ్లడ్ అనే సంగీత నాటకంలో ఆంగ్ల స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ ఇదే పని చేశారు. నిపుణుల చిన్న బృందం పక్కన పిల్లల పెద్ద ఆర్కెస్ట్రా ఉంటుంది, అందులో వయొలిన్లను మూడు భాగాలుగా చేసి మూడో భాగంలో ఎక్కువగా ఖాళీ తీగలే రాశారు. వాన చినుకుల కోసం తాడుకు వరుసగా వేలాడదీసిన కప్పులను కర్ర చెంచాతో కొట్టే పార్టు కూడా ఉంది. అంత పెద్ద స్వరకర్త ఖాళీ తీగను చిన్నతనంగా భావించలేదు. ఆ స్వరం అక్కడ లేకపోతే కృతి లోటుపడేలా రాశారు. మీరు గమనించవలసింది అదే. ఆ అమ్మాయి లాగిన డి స్వరం పక్కవాళ్ల చప్పుడులో కలిసిపోయే అలంకారంగా కాక, మిగతావాళ్లు దాని మీద ఆనుకుని వాయించే ఆధారంగా ఉండాలి.

శ్రుతి ఎంపికలో ఒక చిక్కు ఉంది, ముందే తెలుసుకోవడం మంచిది. వయొలిన్ తీగలు జి, డి, ఏ, ఈ. వయోలా, చెల్లో తీగలు సి, జి, డి, ఏ. కనుక జి, డి, ఏ తీగలు ముగ్గురికీ ఉమ్మడి. తీగవాద్యాలు నేర్చుకునే పిల్లలకు డి మేజర్, జి మేజర్ స్వరశ్రేణులు సులువు. కానీ మీ క్లారినెట్లు బి ఫ్లాట్ వాద్యాలైతే అవి రాసినదానికంటే ఒక స్వరం కిందుగా మోగుతాయి. వాళ్లు మీతో డి మేజర్‌లో వాయించాలంటే నాలుగు షార్పులున్న (నాలుగు స్వరాలను అరమెట్టు పెంచి వాయించవలసిన) 'ఈ' మేజర్ చదవాలి, కొత్తవాళ్లకు అది ముళ్ల కంపే. మీ ట్రంపెట్ కూడా బి ఫ్లాట్‌దే అయితే అదే ఇబ్బంది. గాలివాద్యాల పిల్లలకు సులువైన బి ఫ్లాట్ మేజర్‌కు వెళితే తీగవాద్యాల పిల్లల వేళ్లు తడబడతాయి. నేను చాలాసార్లు డి మైనర్‌ను ఆశ్రయించాను. క్లారినెట్‌కు అది ఒక్క షార్పు ఉన్న 'ఈ' మైనర్ అవుతుంది. వయొలిన్ పిల్లలకు డి తీగ షడ్జం, 'ఏ' తీగ పంచమం. రెండు ఖాళీ తీగలతో కృతి మొత్తానికి సాపాల ఆధారం ఇవ్వగలరు. 'ఏ' తీగ మీద చూపుడు వేలిని వెనక్కి లాగి పట్టవలసిన బి ఫ్లాట్ మాత్రం అనుభవం ఉన్నవాళ్లకే వదిలేయండి.

నేర్పడానికే రాసిన మంచి సంగీతం లేకపోలేదు. హోల్స్ట్ ఒక బాలికల పాఠశాలలో 1905 నుంచి పనిచేస్తూ అక్కడి తీగవాద్య బృందం కోసం సెయింట్ పాల్స్ సూట్ రాశారు. బార్టోక్ 1931లో రెండు వయొలిన్ల కోసం 44 చిన్న కృతులను సులువు నుంచి కష్టానికి వరుసగా పేర్చారు; మొదటి కొన్నింటిని మీ పిల్లలు ఏడాదిలో అందుకోగలరు. కానీ మొదటి ఏడాది మీ చేతిరాత పార్టులే మీకు ఎక్కువ ఉపయోగపడతాయి.

రెండో జవాబు

పైన రాసినవారి మాటలో చాలా నిజం ఉంది. అయినా ఒక హెచ్చరిక చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మీరు తలపెట్టిన పని లాంటిదే ఒకటి నా కళ్లముందే చెదిరిపోయింది.

నేను పదేళ్లకు పైగా క్లారినెట్ వాయించిన ఒక బృందం కూడా పిల్లల కోసమనే మొదలైంది. మొదటి ఏడాది పిల్లలు మా మధ్యనే కూర్చున్నారు. రెండో ఏడాది ఒక పెద్ద కచేరీకి పిలుపు వచ్చింది. రిహార్సల్‌లో సమయం చాలడం లేదని పిల్లలను పక్క గదికి మార్చారు. ఈ నెలకే అన్నారు. ఆ గదిలో నేర్పవలసిన ఇద్దరూ కచేరీలో మొదటి వరుస వాళ్లు కావడంతో వారం విడిచి వారం వెళ్లలేకపోయారు. ఒక సాయంత్రం విరామంలో నేను తలుపు తీసి చూస్తే నలుగురు పిల్లలు స్టాండ్ల ముందు కమాన్లు ఒళ్లో పెట్టుకుని మా రిహార్సల్‌ను గోడ అవతలి నుంచి వింటూ కూర్చున్నారు. నేను తలుపు వేసి వెనక్కి వచ్చి వాయించాను. ఆ రోజు నేను ఆ గదిలో కూర్చుని ఉండవలసింది. ఏడాది తిరగకముందే ఒక్క పిల్లాడూ మిగలలేదు. అందులో ఎవరూ చెడ్డవారు కారు. ఎవరూ పిల్లల తరగతి ఆపేద్దామని తీర్మానం చేయలేదు. కచేరీకి తేదీ ఉంటుంది, పాఠానికి ఉండదు. తేదీ ఉన్నదానిదే ఎప్పుడూ పైచేయి అవుతుంది. కనుక పాఠాలకు కూడా తేదీలు వేసి, కచేరీ తేదీల కంటే ముందు వాటినే క్యాలెండరులో రాయండి.

రెండోది, కలిపి కూర్చోబెట్టడం ఒక్కటే చాలదు. మూడు నెలల పిల్లకు కమాను పట్టు ఇంకా కుదరదు. బొటనవేలు బిగుసుకుంటుంది, భుజం పైకి లేస్తుంది, పాతికమంది మధ్యలో అది ఎవరికీ కనబడదు. ఆరు నెలలు అలా గడిస్తే ఆ బిగువు అలవాటైపోతుంది, తరువాత దాన్ని విడిపించడానికి మరో ఏడాది పడుతుంది. అందువల్ల ఒక సాయంత్రంలోనే రెండు పనులూ పెట్టండి: మొదట ముప్పావుగంట వాద్యాన్ని బట్టి నలుగురైదుగురి చిన్న తరగతులు, తరువాత అరగంట అందరూ కలిసి, ఆ తరువాత పిల్లలు ఇంటికి వెళ్లాక పెద్దవాళ్లు తమ కృతులు. ఆ మధ్య అరగంటలో పిల్లలకు రాసినదే వాయించాలి, పెద్దవాళ్ల కచేరీ కృతిని ఒక్కసారి చూసుకుందామన్న మాటకు తావివ్వకండి.

వెనిజులాలో 1975లో హోసే ఆంటోనియో అబ్రెయు మొదలుపెట్టిన ఎల్ సిస్తెమా గురించి ఎవరైనా మీకు చెబుతారు. కరాకాస్‌లో ఒక కార్ల షెడ్డులో కొద్దిమందితో మొదటి రిహార్సల్ జరిగింది, తరువాత అది దేశమంతా వ్యాపించి లక్షల పిల్లలకు చేరింది. పిల్లలు మొదటి నుంచీ ఆర్కెస్ట్రాలోనే నేర్చుకుంటారన్నది దాని మూలసూత్రం, మరీ చిన్నపిల్లలు కాగితపు గుజ్జుతో చేసిన వాద్యాలు పట్టుకుని కూర్చునే పద్ధతీ కలవడమూ నేర్చుకుంటారు. కానీ అక్కడ పిల్లలు బడి అయ్యాక వారంలో చాలా రోజులు, రోజుకు గంటల తరబడి వస్తారు, వెనక ప్రభుత్వ ధనం ఉంది. వారానికొక సాయంత్రం కలిసే బృందం దాని బయటి రూపాన్ని మాత్రం తెచ్చుకుంటే ఆ ఫలితం రాదు. మీకు ఉన్న సమయానికి చిన్న తరగతే ప్రాణం.

ఇంకొక్కటి. ట్రంపెట్ ముందు పిల్లలను కూర్చోబెట్టకండి. పనిచేసే చోట్ల చెవి భద్రతకు విరివిగా వాడే కొలమానం ప్రకారం 85 డెసిబెల్స్ ధ్వనిని ఎనిమిది గంటలు మాత్రమే భరించవచ్చు, పైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగమవుతుంది. అంటే 94 డెసిబెల్స్ దగ్గర ఒక్క గంట. చిన్న గదిలో లోహవాద్యం ఎదురుగా ఆ స్థాయి సులభంగా దాటుతుంది. ట్రంపెట్ వెడల్పాటి మూతిని పిల్లల తలల మీదుగా కాక పక్కకు తిప్పి కూర్చోబెట్టండి.

మూడో జవాబు

నేను వాద్యం అంతగా వాయించను. ఒక సామాజిక ఆర్కెస్ట్రాకు చాలాకాలం కార్యదర్శిగానూ స్వరపత్రాల భాండాగారిగానూ పనిచేశాను. మీ మూడో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు ఇవ్వలేదు కనుక రాస్తున్నాను.

వాద్యాలు ఆర్కెస్ట్రా పేరున ఉండాలి, పిల్లల ఇళ్లలో ఉండాలి. ఈ రెండూ ముఖ్యమే. వాద్యం అల్మారాలో ఉండి వారానికొకసారి చేతికి వస్తే ఆ పిల్లకు మిగతా ఆరు రోజులు సాధన లేనట్టే. బృందం పేరున ఎందుకంటే, పిల్లలు పెరుగుతారు. వయొలిన్‌లో పావు, అర, ముప్పావు పరిమాణాలున్నాయి, ఇంకా చిన్నవీ ఉన్నాయి. ఒక పిల్ల ఒక్కో పరిమాణాన్ని ఏడాదో రెండేళ్లో వాడుతుంది, చేయి పొడవు పెరగగానే తరువాతి పరిమాణం కావాలి. ఒక కుటుంబానికి ఇది భరించరాని ఖర్చు. అదే బృందం దగ్గర ఉంటే ఒకరు వదిలిన అర వయొలిన్ మరుసటి వారమే ఇంకొకరి భుజం మీద ఉంటుంది. మీకు వయోలా లేదన్నారు కదా, చిన్న వయొలిన్‌కు వయోలా తీగలు కట్టి పిల్లలకు ఇవ్వడం చాలాచోట్ల ఉన్న పద్ధతే. ధ్వని కొంచెం సన్నగా ఉంటుంది, కానీ వయోలా స్వరాలు రాసే ఆల్టో క్లెఫ్ అనే గుర్తును చదివే పిల్లలు మీ దగ్గరే తయారవుతారు. వయోలా వాద్యకారులు బయటి నుంచి దొరకడం ఎప్పుడూ కష్టమే.

ప్రతి వాద్యానికీ ఒక నంబరు, ఒక పేజీ ఉన్న పుస్తకం పెట్టండి. పరిమాణం, కమాను, పెట్టె, ఉన్న గీతలు, ఎవరికి ఏ తేదీన ఇచ్చారు, తిరిగి ఎప్పుడు చూశారు అన్నవి అందులో ఉండాలి. ఇచ్చిన రోజున తల్లిదండ్రుల ముందు వాద్యాన్ని తిప్పి చూపించి, అప్పటికే ఉన్న గీతలను వాళ్ల ముందే రాయండి. లేకపోతే తిరిగి ఇచ్చేటప్పుడు ఒక పాత గీత కోసం ఆ కుటుంబం తల దించుకోవలసి వస్తుంది; ఆ తరువాత ఆ పిల్ల రాదు. నేను ఆ తప్పు ఒకసారి చేశాను, మళ్లీ చేయలేదు. వాద్యం పాడైతే బాగుచేయించేది బృందమే అని ముందే చెప్పాలి, ఆ ఖర్చు బడ్జెట్‌లో ముందే ఉండాలి. లేదంటే జాగ్రత్త పేరుతో వాద్యాన్ని పెట్టెలోంచి తీయని ఇళ్లు ఉంటాయి.

పెద్ద పిల్లలకు తీగ మార్చడం నేర్పండి. నాలుగు తీగలూ ఒకేసారి విప్పవద్దని గట్టిగా చెప్పండి. వయొలిన్ మీది బ్రిడ్జి జిగురుతో అంటించి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. లోపల ఉన్న సౌండ్‌పోస్టు అనే చిన్న కర్ర కూడా అలాగే బిగిసి ఉంటుంది. అన్ని తీగలూ ఒకేసారి వదులైతే ఆ కర్ర లోపల పడిపోవచ్చు, దాన్ని నిలబెట్టడానికి చేయితిరిగిన మనిషి కావాలి. ఒక తీగ విప్పి, కొత్తది బిగించి, అప్పుడు రెండోది విప్పాలి.

స్వరపత్రాల విషయంలో కాపీరైటును తేలికగా తీసుకోవద్దు. చాలా దేశాల్లో స్వరకర్త మరణించిన తరువాత 70 ఏళ్లు, భారతదేశంలో 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. హక్కులున్న కృతికి మీరు సులువు పార్టులు రాయడం కూడా అనుసరణే, దానికి అనుమతి కావాలి. మొదటి జవాబులో చెప్పిన బ్రిటెన్ 1976లో మరణించారు, కనుక ఆయన పద్ధతిని నేర్చుకోండి కానీ ఆయన స్వరాలను మార్చి రాయకండి. హక్కులు తీరిన కృతుల పాత ముద్రణలు 2006లో మొదలైన ఐఎమ్‌ఎస్‌ఎల్‌పి అనే ఇంటర్నెట్ భాండాగారంలో విస్తారంగా దొరుకుతాయి. పాత కృతికే అయినా కొత్తగా పరిష్కరించిన ముద్రణకు వేరే హక్కులు ఉండవచ్చు కనుక, ఏ ముద్రణ అన్నది చూసుకోండి.

నియమావళి రాసేటప్పుడు ధ్యేయం అన్న నిబంధనలో నేర్పడం మొదటి వాక్యంగా ఉండాలి, ప్రదర్శించడం రెండో వాక్యంగా ఉండాలి. ఇది మాటల వరుస మాత్రమే అనిపించవచ్చు. ఎనిమిదేళ్ల తరువాత, మిమ్మల్ని ఎరగని కొత్త కమిటీ డబ్బు దేనికి ఖర్చు పెట్టాలని వాదించుకునే రోజున ఆ పేజీయే తెరుస్తారు. కమిటీలో నేర్పేవారికీ, పిల్లల తల్లిదండ్రులకూ ఓటు హక్కుతో స్థానాలు ఉంచండి. రెండో జవాబు రాసినవారి బృందంలో పక్క గది గురించి అడిగే తల్లి ఒక్కరు కమిటీలో ఉండి ఉంటే అది అంతదూరం వెళ్లేది కాదని నా నమ్మకం. పిల్లల భద్రత గురించి రాతపూర్వకమైన నియమాలు మొదటి పాఠానికి ముందే ఉండాలి: ఒంటరిగా ఒక పెద్దమనిషి, ఒక పిల్ల మూసిన గదిలో ఉండకూడదు, ప్రతి గదిలో ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తల్లిదండ్రులు ఎప్పుడైనా లోపలికి వచ్చి కూర్చోవచ్చు. నేర్పేవారి మీద అనుమానంతో అని ఎవరైనా నొచ్చుకుంటే, ఈ నియమం వారిని కూడా కాపాడుతుందని చెప్పండి.

ప్రశ్న వేసినవారు

మీ ముగ్గురికీ ఎంతగానో కృతజ్ఞతలు. మా మిత్రులకు ఈ జవాబులన్నీ నిన్న చదివి వినిపించాను. పక్క గదిలో కూర్చున్న నలుగురు పిల్లల దగ్గర అందరూ మౌనంగా ఉండిపోయారు. ముందు కచేరీలే ఇద్దామన్న వారిలో ఒకరు, ఆ ముప్పావుగంట చెల్లో తరగతి తానే తీసుకుంటానన్నారు. సాయంత్రాన్ని మూడు భాగాలుగా చేయడానికి ఒప్పందం కుదిరింది.

రెండు చిన్న సందేహాలు మిగిలాయి. మాకు కండక్టర్ లేరు. ఇప్పటిదాకా మొదటి వయొలిన్ తల ఊపితే వాయించేవాళ్లం. పిల్లలు చేరాక అది చాలుతుందా? అలాగే, డబుల్ బేస్ లేకుండా ఎంతకాలం నెట్టుకు రావచ్చు?

మొదటి జవాబు రాసినవారు

మధ్య అరగంటకు ఎవరో ఒకరు వాద్యం పక్కన పెట్టి ముందు నిలబడటం తప్పనిసరి. గొప్ప కండక్టర్ అక్కరలేదు. బారులో మొదటి దెబ్బ స్పష్టంగా కిందికి వచ్చేలా చేయి కదిపి, మొదలుపెట్టే ముందు ఒక బారు ఖాళీగా చూపించి, అందరితో కలిసి ఊపిరి తీయగలిగితే చాలు. కొత్తగా నేర్చుకునే పిల్లల కళ్లు స్వరపత్రాన్ని వదలలేవు కనుక, వాళ్ల పార్టును మొదట పాడించి కంఠస్థం చేయించండి. హంగరీలో జోల్తాన్ కోడాయ్ సంగీత విద్య అంతటికీ పాడటాన్నే పునాదిగా పెట్టారు. పాడగలిగిన స్వరాన్ని వేలు త్వరగా వెతుక్కుంటుంది. తల ఎత్తి చూసే పిల్ల చేతిని చూస్తుంది, పక్కవాళ్లను వింటుంది. ముందు నిలబడే పని నెలకొకరు చొప్పున మార్చుకుంటే పెద్దవాళ్లు కూడా నేర్చుకుంటారు.

డబుల్ బేస్ దొరికేదాకా కీబోర్డు ఎడమచేతికి ఆ పార్టు ఇవ్వండి. డబుల్ బేస్ తాను చదివినదానికంటే ఒక స్థాయి కిందుగా మోగుతుంది, కనుక కీబోర్డుపై ఆ స్వరాలను ఒక స్థాయి కిందే వాయించాలి. చాలామంది ఇది మరచిపోయి, బృందానికి అడుగు లేదేమని వెతుక్కుంటారు. మీ రెండో చెల్లోను మొదటిదానితో కలిపేయక వేరే పార్టు ఇవ్వండి. ఓబో స్వరాలను మూడో ఫ్లూట్‌కు, బాసూన్ స్వరాలను ఆ రెండో చెల్లోకు పంచవచ్చు. ఓబో లేదు కనుక శ్రుతి కోసం కీబోర్డు నుంచే 'ఏ' స్వరం తీసుకుని, 440 హెర్ట్జ్ దగ్గర స్థిరంగా ఉంచండి. పిల్లల వాద్యాలను మొదటి ఆరునెలలు పెద్దవాళ్లే శ్రుతి చేసి ఇవ్వాలి. ఇరవై వాద్యాలకు అది పదిహేను నిమిషాల పని, కనుక తరగతికి పదిహేను నిమిషాలు ముందుగా ఇద్దరు రావాలి.

ఆ పదేళ్ల అమ్మాయికి ఈ వారం ఒక పార్టు రాసి ఇవ్వండి. డి, 'ఏ' రెండే స్వరాలు, ఒక్కో స్వరానికి ఒక నిండు కమాను, మధ్యలో లెక్కపెట్టుకునే ఖాళీ బార్లు. పేజీ పైన ఆమె పేరు ఉండాలి. ఖాళీ బార్ల మీద పెద్దవాళ్లు ఏ వాద్యంలో ఏమి వాయిస్తుంటారో పెన్సిల్‌తో చిన్నగా రాస్తే, లెక్క తప్పినా చెవితో విని పోల్చుకుని మళ్లీ దారిలోకి వస్తుంది.